జానర్ కథ రాయబోతున్నారా? పాటించాలా, మెలిపెట్టాలా, కలపాలా, వెక్కిరించాలా

డిటెక్టివ్ కథ రాద్దామని కూర్చుంటే మొదటి పేజీ పూర్తికాకముందే ఒక పేచీ మొదలవుతుంది. నేరం, నలుగురు అనుమానితులు, ఒక తెలివైనవాడు, చివర్లో అందర్నీ హాల్లో కూర్చోబెట్టి గుట్టు విప్పడం... ఇవన్నీ పెడితే 'రొటీన్' అంటారు. తీసేస్తే 'ఇదేం డిటెక్టివ్ కథ' అంటారు. దెయ్యం కథకీ ఇంతే, ప్రేమకథకీ ఇంతే. ఏ జానర్‌కైనా, అంటే ఏ తరహా కథకైనా, ఇంతే. ఈ గొడవకి జడిసి కొందరు "నాది ఏ జానర్‌కీ లొంగని కథ" అని ముందే ప్రకటించేస్తారు. తీరా చదివితే అది అచ్చంగా ఏదో ఒక జానర్ కథే అయివుంటుంది. కాకపోతే ఆ సంగతి రాసినాయనకి తెలియదు.

ఒక జానర్ కథలో ఉండాలని పాఠకుడు ఎదురుచూసేవే దాని కట్టుబాట్లు. వాటితో కథకుడు చేయగలిగిన పనులు స్థూలంగా నాలుగు. ఉన్నవి ఉన్నట్టు పాటించడం, ఒకచోట మెలిపెట్టడం, రెండు జానర్లని కలపడం, మొత్తాన్నీ వెక్కిరించడం. వీటిలో ఏది గొప్పదన్న ప్రశ్న అనవసరం. మీ చేతిలో ఉన్న కథకీ, దాని నిడివికీ, చదవబోయేవాళ్ళకీ ఏది నప్పుతుందన్నదే చూడాలి. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను: ఒకటి రెండు కథలు సూటిగా రాసి చేయి తిరిగినవాళ్ళకి రెండో దారి. ఎందుకన్నది ఒకే కథని నాలుగు దారుల్లోనూ నడిపిస్తే తెలుస్తుంది.

ఆ కథ ఇది. తణుకులో ఒక పెళ్ళివారిల్లు. తెల్లవారితే ముహూర్తం. సాయంత్రం బీరువా తెరిచేసరికి దొడ్డమ్మ కాసులపేరు లేదు. ఇంటినిండా చుట్టాలు. బయటివాళ్ళు ఎవరూ లోపలి గదుల్లోకి రాలేదు.

ముందు కట్టుబాట్లేవో తెలియాలి

డిటెక్టివ్ కథ విషయంలో ఈ పని కొంత మన ముందువాళ్ళే చేసిపెట్టారు. 1928లో అమెరికన్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్ ఇరవై నియమాలు ప్రకటించాడు. మరుసటి ఏడు ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ పది చెప్పాడు. నాక్స్ క్యాథలిక్ ఫాదిరీ, డిటెక్టివ్ నవలలు కూడా రాసినవాడు, అందుకని ఆ పదికీ 'పది ఆజ్ఞలు' అన్న పేరు స్థిరపడిపోయింది. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి. మానవాతీత శక్తులు పనికిరావు. రహస్య మార్గాలు ఒకటికి మించకూడదు. డిటెక్టివే నేరస్థుడు కాకూడదు. డిటెక్టివ్‌కి దొరికిన క్లూ వెంటనే పాఠకుడికీ కనిపించాలి. ముందస్తు సూచన లేకుండా కవలల్ని దింపకూడదు. సగం సరదాగా రాసిన నియమాలే అయినా వెనకున్న బుద్ధి గట్టిది: పాఠకుడు కూడా కనిపెట్టగలిగి, కనిపెట్టలేకపోవాలి.

అయితే ఆ జాబితాని తెచ్చి తణుకులో దింపితే కుదరదు. కవలల సంగతే చూడండి. ద్విపాత్రాభినయాలు చూస్తూ పెరిగిన మనకి కవలలు వింత కాదు. ఒకే మనిషి ఒకే సమయానికి రెండుచోట్ల కనబడ్డాడని రాయండి, రెండో పేరాకల్లా పాఠకుడు "కవలలు" అనేస్తాడు. కాబట్టి తెలుగులో కవలలు పనికిమాలిన ముగింపు, భేషైన ఎర. ఆ తొందరపాటునే పెట్టుబడిగా పెట్టి, అసలు కారణం ఇంకోటని తేల్చే కథ రాయొచ్చు.

పనివాళ్ళు నేరస్థులు కాకూడదన్నది వాన్ డైన్ నియమం. అది మరీ తేలికైన పరిష్కారమని ఆయన వాదన. నేరస్థుడంటే కాస్త హోదా ఉన్నవాడై ఉండాలన్న దొరతనం కూడా అందులో వినిపిస్తుంది. నేనూ ఆ నియమం పాటిస్తాను గానీ నా కారణం వేరు. ఇంట్లో వస్తువు పోతే మొదటి చూపు పనిమనిషి మీదికే పోయే చోట, కథ కూడా ఆ చూపునే నిజం చేసి పెట్టడం నాకు ఇష్టం ఉండదు. కట్టుబాట్లలో ఇలాంటి పాత దురభిప్రాయాలు చాలానే ఇమిడి ఉంటాయి. పాటించేముందు ఒకసారి దులిపి చూసుకోవాలి.

నియమాల జాబితా లేని జానర్లయితే మీరే తయారు చేసుకోవాలి. పల్లెటూరి దెయ్యం కథలు ఓ పది వరసగా చదవండి. దాదాపు అన్నిట్లోనూ ఎదురయ్యేవి రాసుకోండి. ఇప్పుడు ఒక్కొక్కటే తీసేసి చూడండి. తీస్తే కథ కూలిపోయేది అసలు కట్టుబాటు. తీసినా కథ నిలబడితే అది పైపై అలంకారం. తీయగానే కథ బాగుపడితే మాత్రం అది అరిగిపోయిన సరుకు. మర్రిచెట్టూ, తెల్లచీరా, కాలిగజ్జెల చప్పుడూ చాలావరకు ఈ మూడో గంపలోవే.

ఒక్కోసారి ఒకే అంశంలో అసలు కట్టుబాటూ అలంకారమూ రెండూ కలిసి ఉంటాయి. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ పక్కన అసిస్టెంటు రాజు ఉంటాడు. అసిస్టెంటు ఉండటం అలంకారమా, అవసరమా? యుగంధర్ బుర్రలో ఏముందో మనకి కనపడదు. మనం అడగాల్సిన ప్రశ్న అడగడానికి ఒక నోరు కావాలి. ఆ నోరు అవసరం. అది కుర్రాడిదే కావాలనీ, డిటెక్టివ్ దగ్గర జీతానికి ఉన్నవాడిదే కావాలనీ లేదు. పెళ్ళింట్లో అయితే ఎనిమిదేళ్ళ మేనకోడలు ఆ పని ఇంకా బాగా చేస్తుంది. ఎవరూ అడగనివి అడుగుతుంది, ఎవరూ కసరరు.

ఈ తూకమే మిగతా అంతటికీ ఆధారం. ప్రతి అసలు కట్టుబాటూ కథలో ఏదో ఒక పని చేస్తుంటుంది. దాన్ని తీసేస్తే ఆ పని ఇంకెవరైనా చేయాలి. నాలుగు దారుల్లో తేడా అంతా, ఆ పని ఎవరికి అప్పజెబుతారన్నదే.

పాటించడం

"పెళ్ళికూతురికి నలుగు పెట్టి లేచేసరికి ఇంట్లో అందరి చేతులూ పచ్చబడ్డాయి. వదిన లడ్డూ అందించబోతే పెద్దల్లుడుగారు 'కెమెరాకి అంటుకుంటుందమ్మా' అని నవ్వి తప్పుకున్నారు. మేనత్త మాత్రం వెనకగదిలో కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. భర్త పోయినప్పటినుంచీ ఇలాంటి వేడుకలకి ఆవిడని ఎవరూ పిలవరు, ఆవిడా రాదు. ఆరింటికి దొడ్డమ్మ బీరువా తెరిచింది. నికెల్ హ్యాండిల్ తళతళలాడుతోంది. లోపల కాసులపేరు లేదు."

సూటిగా రాసిన కథలో క్లూ ఇలా కూర్చుంటుంది. బీరువా హ్యాండిల్ మీద పసుపు మరక లేదు. అంటే తీసింది పసుపు ముట్టని చెయ్యి. అందరి చూపూ మేనత్త మీదికి పోతుంది. పసుపు ముట్టని రెండో చెయ్యి మొదటి పేరాలోనే పాఠకుడి ముందు నుంచి వెళ్ళింది, లడ్డూ మర్యాద చాటున. అల్లుడిగారిని అనుమానించే ధైర్యం పెళ్ళింట్లో ఎవరికుంటుంది? రిటైరైన హెడ్ కానిస్టేబుల్ బాబాయి కెమెరా అడిగి తీసుకుంటాడు. నాలుగున్నర నుంచి ఐదింటిదాకా ఒక్క ఫొటో లేదు. కథ మధ్యలో మేనకోడలు "గౌరమ్మ దగ్గర నా ఫొటో ఏదీ?" అని మారాం చేసింది దీనికోసమే. చివర్లో అందరి ముందూ గుట్టు విప్పుతాడు.

ఇందులో కొత్త కట్టుబాటు ఒక్కటీ లేదు. ఉన్న కొత్తదనమంతా పసుపులో ఉంది. ఈ దారి ఎంచుకున్నవాళ్ళ బరువంతా అక్కడే పడుతుంది: క్లూ ఆ ఊరిదీ, ఆ ఇంటిదీ అయివుండాలి. సిగరెట్ పీక, చిరిగిన ఉత్తరం, చేతిరుమాలు మీద పొడక్షరాలు లాంటి అరువు క్లూలతో నడిపితే పాఠకుడు మూడో పేజీలో ఆవలిస్తాడు, అందులో ఆయన తప్పేమీ లేదు.

పాటించడం తక్కువ పని అనుకునేవాళ్ళకి చందమామ బేతాళ కథలు గుర్తు చేయాలి. 1947 జులైలో మొదలైన పత్రిక అది. అందులో బేతాళ కథలు దశాబ్దాలపాటు నడిచాయి. శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు మౌనంగా నడిచే రాజు, శవంలోంచి బేతాళుడి కథ, చివర ఒక ధర్మసందేహం, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న బెదిరింపు, రాజు నోరు విప్పడం, శవంతో సహా బేతాళుడు మళ్ళీ చెట్టెక్కడం. మొదలూ చివరా నెలనెలా అవే. లోపలి కథా, ఆ సందేహమూ మాత్రమే కొత్తవి. సంస్కృతంలో ఉన్న పాతికా ఎప్పుడో అయిపోయాయి, తర్వాతివన్నీ ఆ చట్రంలో కూర్చడానికి కొత్తగా అల్లినవే. ఆ చట్రం చేసే పని చాలా గడుసుది. జవాబు రెండువైపులా తూగే ప్రశ్న లేకపోతే కథ అందులో ఇమడనే ఇమడదు. కాబట్టి కథకుడు ఆ ప్రశ్నని వెతుక్కుని తీరాలి. చేతులు కట్టేసినట్టు కనిపించే కట్టుబాటే ఆలోచన తప్పనిసరి చేసింది.

కొత్తగా రాసేవాళ్ళు కనీసం ఒక్క కథ ఇలా పూర్తిగా పాటించి రాయాలని నా పట్టుదల. ఏ కట్టుబాటు ఏ పని చేస్తోందో చేత్తో పట్టుకుంటే తప్ప తెలియదు.

మెలిపెట్టడం

బేతాళ కథల దగ్గరే ఉందాం. సోమదేవుడి కథాసరిత్సాగరంలో చివరి బేతాళ కథ ఇది. ఒక తండ్రీ కొడుకూ అడవిలో ఇద్దరు ఆడవాళ్ళ అడుగుజాడలు చూస్తారు. పెద్ద పాదాలున్నామెని తండ్రి, చిన్న పాదాలున్నామెని కొడుకు పెళ్ళాడాలని ముందే అనుకుంటారు. తీరా చూస్తే ఆ ఇద్దరూ తల్లీ కూతుళ్ళు, పెద్ద పాదాలు కూతురివి. మాట తప్పకుండా తండ్రి కూతుర్నీ, కొడుకు తల్లినీ పెళ్ళాడతారు. వాళ్ళకి పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? అని బేతాళుడు అడుగుతాడు. ఈసారి రాజుకి జవాబు తెలియదు. తెలిసీ చెప్పకపోతేనే కదా తల పగిలేది. మాట్లాడకుండా నడుస్తూనే ఉంటాడు. అన్ని కథలుగా విరుగుతూ వచ్చిన మౌనం ఒక్కసారి విరగలేదు. ఆ మౌనంతోటే బేతాళుడు మెచ్చి, శవాన్ని తెమ్మని రాజుని పంపిన భిక్షువు కుట్ర బయటపెట్టి, రాజు ప్రాణం కాపాడతాడు.

మెలి అంటే ఇది. కొత్త నియమం ఏదీ దిగుమతి కాలేదు. షరతు మొదటినుంచీ ఉన్నదే, దానిలో ఉన్న సందుని చివర్లో వాడుకున్నారు. అంతే.

ఆ పని మన ప్రబంధకవులకీ బాగా తెలుసు. మనుచరిత్ర తీసుకోండి. శృంగార ప్రబంధంలో నాయికా నాయకులు చూసుకోవాలి, విరహపడాలి, కలవాలి. వరూధిని పడాల్సినదంతా పడుతుంది. ప్రవరుడు మాత్రం ఇంటిదారి అడుగుతాడు. ఆమె ఎంత చెప్పినా వినకుండా అగ్నిదేవుణ్ణి ప్రార్థించి వెళ్ళిపోతాడు. నాయకుడనుకున్నవాడు కావ్యం మొదట్లోనే రంగం విడిచి పోయాడు. మరి కలయిక చేయాల్సిన పని? స్వరోచి పుట్టాలి, ఆయనకి స్వారోచిష మనువు పుట్టాలి, లేకపోతే కావ్యమే లేదు. ప్రవరుడి రూపం ధరించిన గంధర్వుడు వచ్చి ఆ పని పూర్తిచేస్తాడు. పెద్దన కట్టుబాటుని విరిచి ఊరుకోలేదు. దాని పని ఇంకొకరికి అప్పజెప్పాడు, అదీ మొదటివాడి ముఖంతోనే.

అగాథా క్రిస్టీ 1926 నాటి ఒక నవలలో ఇంతకన్నా సాహసం చేసింది. కథ చెబుతున్న గొంతుని పాఠకుడు నమ్మాలన్న కట్టుబాటుతోనే ఆడుకుంది. నవల పేరు చెప్పను, చదవనివాళ్ళ ఉసురు నాకెందుకు. చదివినవాళ్ళు మాత్రం వెనక్కి వెళ్ళి చూస్తే, ఆ గొంతు ఎక్కడా అబద్ధం ఆడలేదనీ, కొన్ని నిమిషాల్ని మాత్రం దాటేసిందనీ తెలుస్తుంది. ఒక కట్టుబాటుని అంత ఘోరంగా విరిచింది కాబట్టే మిగతావన్నీ మామూలుకన్నా కచ్చితంగా పాటించింది.

ఇప్పుడు తణుకు. నేను విరిచేది చివరి సభని. బాబాయికి దొంగ ఎవరో తెలుస్తుంది, పాఠకుడికీ తెలుస్తుంది. అందర్నీ పిలవడం మాత్రం జరగదు.

"బాబాయి అల్లుడిగారి పక్కన చాప మీద కూర్చుని తమలపాకుకి సున్నం రాస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు: 'ముహూర్తం మూడింటికి, అల్లుడుగారూ. రెండున్నరకి నేను బీరువా గది గుమ్మంలో కూర్చుంటాను. వీపు అటు తిప్పుకుని.'"

రాస్తున్నప్పుడు ఇది చాలా తృప్తినిస్తుంది. పెళ్ళి ఆగదు, కూతురి కాపురం చెడదు, సరుకు తిరిగొస్తుంది. ఇక్కడే ఆపేసిన కథలు చాలా చూశాను, పత్రికల్లో కొసమెరుపు కథల రోజుల నుంచీ. ఇక్కడ ఆపితే కథ చెడుతుంది. సాయంత్రం నుంచీ ఇంటిల్లిపాదీ మేనత్త వైపు చూస్తున్న ఆ చూపుల మాటేమిటి? కాసులపేరు బీరువాలో మళ్ళీ కనిపిస్తే "పాపం, భయపడి పెట్టేసింది" అనుకుంటారు తప్ప వేరే ఏమీ అనుకోరు. చివరి సభ చేసే అసలు పని దొంగని పట్టివ్వడం కాదు, తక్కినవాళ్ళని విడుదల చేయడం. అది ఇన్నాళ్ళూ మనకి కనపడలేదు, ఎందుకంటే ప్రతి కథలోనూ అది దానంతటదే జరిగిపోయేది. సభ తీసేశాకే దాని విలువ తెలిసింది.

కాబట్టి ఆ విడుదలని ఇంకెవరైనా చేయాలి. బాబాయే తెల్లవారుజామున వెనకగదికి వెళ్ళి, "అక్కా, కాసులపేరు నువ్వు తీసుకొచ్చి వదిన మెళ్ళో వెయ్యి" అని అందరి ముందూ పిలవొచ్చు. లేదా ఆయన పిలవకపోవచ్చు. ఇంటి పరువు ముందు అక్క పరువు ఆయనకి చిన్నదై ఉండొచ్చు. అప్పుడది డిటెక్టివ్ ఓడిన కథ అవుతుంది, కనిపెట్టి కూడా ఓడిన కథ. రెండూ రాయదగ్గవే. రాయకూడనిది మూడోది, అంటే ఆ ప్రశ్న ఉందన్న సంగతే రచయితకి తెలియకపోవడం.

రెండో దారి మీద నాకున్న మక్కువకి కారణం ఇదే. సూటి కథలో మేనత్త ఒక ఎర మాత్రమే. ఒక్క కట్టుబాటు విరగ్గానే కథకి ఆవిడే కేంద్రమైంది, అదీ కొత్త పాత్ర ఒక్కటీ చేర్చకుండా. అయితే విరిచేది ఒకటే ఉండాలి. సభా లేదు, క్లూ దాచారు, దొంగ చివరి పేజీలో ఊడిపడ్డాడు, అంటే దాన్ని మెలి అనరు, మోసం అంటారు. ఇక "ఇదంతా కల" అన్న ముగింపు గురించి మాట్లాడుకోవడమే దండగ.

కలపడం

రెండు జానర్లు కలిస్తే రెండు ప్రశ్నలు మొదలవుతాయి. కాసులపేరు ఎవరు తీశారు? మేనత్తని పందిట్లోకి పిలుస్తారా? మొదటిది డిటెక్టివ్ ప్రశ్న, రెండోది కుటుంబకథ ప్రశ్న. రెండూ మొదటి పేజీ నుంచే సాగాలి. చివరి పేజీ దేనికి ఇస్తారో కథ దానిదే అవుతుంది. దొంగ ముందు దొరికి, పిలుపు ఆఖరున వస్తే అది కుటుంబకథ, అందులో ఒక దొంగతనం ఉంది. పిలుపు ముందు వచ్చి, దొంగ ఆఖరున దొరికితే డిటెక్టివ్ కథ. ఇద్దరున్న ఇంట్లో పెద్దరికం ఎవరిదో తేలకపోతే వచ్చినవాళ్ళకి ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియనట్టు, ఇది తేల్చకుండా రాసిన కథలో పాఠకుడు చివరిదాకా దేనికోసం ఎదురుచూడాలో తెలియక తికమకపడతాడు.

కొన్ని జంటలు సులువుగా కలుస్తాయి. సింగీతం శ్రీనివాసరావు 1991 నాటి 'ఆదిత్య 369' కాలయంత్రాన్నీ, శ్రీకృష్ణదేవరాయల కాలపు చారిత్రక కథనీ, ఒక వజ్రం దొంగతనాన్నీ కలిపింది. కాలయంత్రం లేకుండా రాయల కొలువు లేదు, వజ్రం లేకుండా ఈ కాలపు విలన్ లేడు. ఒకటి తీస్తే ఇంకోటి నిలవదు. కలపడానికి ఇదే పరీక్ష. మీ కథలో ప్రేమకథని తీసేసినా దర్యాప్తు యథాతథంగా సాగిపోతుంటే, కలపలేదు, పక్కపక్కన పెట్టారు.

దెయ్యాన్నీ డిటెక్టివ్‌నీ కలపబోయేవాళ్ళకి ఒక హెచ్చరిక. నాక్స్ మానవాతీత శక్తుల్ని ఊరికే బహిష్కరించలేదు. చనిపోయిన నాయనమ్మ బీరువా తీయగలదంటే ఇక పసుపు మరకకి విలువేముంది? కలపాలంటే దెయ్యానికి హద్దులు మొదట్లోనే చెప్పాలి. నాయనమ్మ కనిపిస్తుంది గానీ ఏ వస్తువూ ముట్టుకోలేదు, మేనకోడలికి తప్ప వినపడదు, అని గీత గీస్తే ఆ పిల్ల మాట ఎవరు నమ్ముతారన్న కొత్త చిక్కు పుట్టి కథ చిక్కబడుతుంది. ఈ దారికి నిడివి ఎక్కువ కావాలి. పోటీ కథల హద్దులో రెండు ప్రశ్నలు పట్టవు.

వెక్కిరించడం

"'ఎవరూ కదలొద్దు' అన్నాడు చిన్నన్నయ్య. ఎవరూ కదల్లేదు. కరెంటు పోయి గంటయింది, కదిలే ఓపిక ఎవరికీ లేదు. మే నెల తణుకులో ఓవర్‌కోటు వేసుకుని నిలబడ్డ మనిషిని అందరూ జాలిగా చూస్తున్నారు. 'హంతకుడు మనలోనే ఉన్నాడు.' 'హంతకుడేంట్రా, పోయింది కాసులపేరు' అంది దొడ్డమ్మ విసనకర్ర ఆపకుండా."

నాలుగింటిలో తేలిగ్గా కనిపించేదీ, చాలామందికి బోల్తా కొట్టేదీ ఇదే. నవ్వు వస్తున్నంతసేపూ రచయిత కథ సంగతి మర్చిపోతాడు. ఓవర్‌కోటు జోకు ఒక పేజీ నడుస్తుంది, రెండో పేజీకి కాసులపేరు ఏమైందని పాఠకుడు అడుగుతాడు. అది నిజంగానే దొరకాలి, అదీ నమ్మే కారణంతో దొరకాలి. దొంగల భయంతో దొడ్డమ్మే పొద్దున బియ్యం డబ్బాలో దాచి మర్చిపోయిందనుకోండి. అలాంటప్పుడు మొదటి పేజీలో ఆవిడ మర్చిపోయినవి ఇంకో రెండు కనిపించి ఉండాలి. పేరడీకీ క్లూలు కావాలి.

జేన్ ఆస్టిన్ గోథిక్ నవలల్ని, అంటే పాత భవంతులూ రహస్యాలతో భయపెట్టే నవలల్ని, ఆటపట్టించిన 'నార్తాంగర్ ఆబీ' 1817 చివర్లో, ఆవిడ పోయాక అచ్చయింది. అందులో అమ్మాయి తుఫాను రాత్రి పాత బీరువాలో కాగితాల చుట్ట ఒకటి చూస్తుంది, దీపం ఆరిపోతుంది, రాత్రంతా వణికిపోతుంది. తెల్లారి చూస్తే చాకలి పద్దులు. నవ్వు అక్కడితో ఆగదు. ఆ ఇంటి పెద్దమనిషి హంతకుడు కాడు గానీ, అమ్మాయికి ఆస్తి లేదని తెలియగానే తోడు కూడా ఇవ్వకుండా ఇంట్లోంచి వెళ్ళగొడతాడు. గోథిక్ భయం చేయాల్సిన పనిని డబ్బాశ చేసింది. మంచి పేరడీ ఎగతాళి చేసిన చోట ఏదో ఒకటి పెట్టి పోతుంది.

'పేరడీ శాస్త్రి' అనిపించుకున్న జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి శ్రీశ్రీనీ కృష్ణశాస్త్రినీ అనుకరించి నవ్వించగలిగాడంటే వాళ్ళ నడక ఆయన చెవికి అంత బాగా పట్టింది కాబట్టి. రెండో అవసరం పాఠకుడి వైపుది. మూలం తెలిస్తేనే పేరడీ. టీవీ సీరియల్లో ఒక్క మాట అనగానే ఇంట్లో ప్రతి ముఖం మీదికీ కెమెరా మూడేసిసార్లు దూసుకెళ్ళడం, ఫ్యాక్షన్ సినిమాలో తొడగొడితే సుమోలు గాల్లోకి లేవడం మనందరికీ తెలుసు, వాటిని ముట్టుకుంటే చాలు నవ్వు వస్తుంది. వానలో తడిసిన అమెరికన్ వీధుల్లో టోపీ పెట్టుకుని తిరిగే ప్రైవేటు డిటెక్టివ్‌ని వెక్కిరిస్తే, ఆ సినిమాలు చూసిన కొద్దిమంది తప్ప మిగతావాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. మీకు ఆ జానర్ అంటే చిరాకు మాత్రమే ఉంటే పేరడీ జోలికి పోకండి. ప్రేమ లేని పేరడీ తిట్టులా ఉంటుంది.

ఇంతకీ మీకు ఏది?

మీరు ఆ జానర్‌లో ఎంత చదివారన్నది మొదట చూసుకోండి. నాలుగైదు కథలే చదివివుంటే సూటిదారి తప్ప ఇంకోటి వద్దు. మీరు గొప్ప మెలి అనుకున్నది అప్పటికే అరిగిపోయినది అయివుండే ప్రమాదం ఉంది. కథకుడే హంతకుడన్న ఆలోచన తనకే మొదట వచ్చిందనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, అది ఎప్పటిదో పాత ఆలోచనే అయినా.

తర్వాత నిడివి. పదిహేను వందల పదాల కథలో పాటించొచ్చు, మెలి కూడా ఇమడొచ్చు. పేరడీకి అయిదారు వందల పదాలు మించకపోతే మేలు. కలపడానికి నవల కావాలి, కనీసం పెద్దకథ కావాలి.

చదివేవాళ్ళు ఎవరన్నది నిడివికన్నా ముఖ్యమని కొందరంటారు. నేను అంతగా ఒప్పుకోను. పాఠకుల అంచనా వేయడంలో రచయితలు తరచూ పప్పులో కాలేస్తారు, అందరూ తమంత చదివారని గానీ ఎవరూ ఏమీ చదవలేదని గానీ అనుకుని. అంతకన్నా నమ్మకమైన పద్ధతి ఇంకోటుంది. కథని సగందాకా ఎవరికైనా నోటితో చెప్పి ఆపేయండి. తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నారో అడగండి. ఆయన మీ ముగింపునే చెప్పేస్తే మెలి కావాలి. ఏమీ ఊహించలేకపోతే కట్టుబాట్లు సరిగా నాటుకోలేదు, ముందు అవి చూసుకోవాలి. తప్పు ఊహించి, ధీమాగా చెబితే మీ ఎర పనిచేస్తోంది. మేనత్తే తీసిందని ఎంత త్వరగా అంటారో చూసుకుంటే, ఆవిడ విషయంలో కథ ఎంత బాధ్యత నెత్తిన వేసుకుందో కూడా తెలిసిపోతుంది.

సీరియల్‌గా రాసేవాళ్ళకి లెక్క వేరు. వారం వారం చదివేవాళ్ళకి కట్టుబాటు అలవాటు కావడానికే కొంత సమయం పడుతుంది. మొదటి భాగంలోనే దాన్ని విరిస్తే విరిగిందన్న సంగతే తెలియదు. తొలి భాగాలు నికార్సుగా పాటించి, పాఠకుడు "ఇప్పుడు బాబాయి అందర్నీ పిలుస్తాడు" అని ముందే అనడం మొదలుపెట్టాక అప్పుడు మెలి పెట్టండి. ఆ మాట కామెంట్లలో కనబడేదాకా ఆగడమే మంచిది.

పోటీకి పంపేవాళ్ళు, గడువు దగ్గర పడితే, సూటి కథనే బాగా చెక్కి పంపండి. మెలి పెట్టాక పుట్టే ప్రశ్నలకి జవాబు వెతకడానికి, మేనత్త విషయంలో పట్టినట్టే, కథ రాసినంత సమయమూ మళ్ళీ పడుతుంది. అంత వ్యవధి లేనప్పుడు సభ తీసేసి చేతులు దులుపుకున్న కథకన్నా, పసుపు క్లూ గట్టిగా కూర్చున్న మామూలు కథే న్యాయనిర్ణేతల దగ్గర నిలుస్తుంది.